డెట్రాయిట్ చలికి ముందు కారు పెయింట్ సంగతి

తమ్ముడూ, హైదరాబాద్ నుంచి డెట్రాయిట్ వచ్చాక ఇదే మొదటి వింటర్, కారు నల్లది, ఒక కోటు వ్యాక్స్ వేస్తే సరిపోతుందా అని అడిగావు కదా. మామూలు కార్నాబా వ్యాక్స్ (ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మైనం) అయితే మార్చి దాకా ఆగదు, సింథటిక్ సీలెంట్ వెయ్యి, అంటే పెయింట్ మీద రక్షణ పొరలా నిలిచే కృత్రిమ పూత, అదీ ఈ అక్టోబర్‌లోనే, ఎందుకంటే చాలా సీలెంట్లు 10 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటేనే సరిగ్గా పట్టుకుంటాయి.

కానీ అంతకంటే ముందు పని ఒకటుంది. కారు బాగా కడిగి ఆరాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాసి చూడు, గరుకు కాగితంలా గరగరమంటే క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముక్క) పట్టాల్సిందే, దానికి వాడే జారుడు ద్రవం, అదే క్లే లూబ్రికెంట్, బాగా స్ప్రే చేసి, అస్సలు నొక్కకుండా, ఆ ముక్క కింద పడితే పారెయ్, మళ్లీ వాడకు, నల్ల పెయింట్ మీద ఒక్క ఇసుక రేణువు చాలు గీతలు పడడానికి.

ఇక ఉప్పు, నాకైతే అసలు భయం దీనితోనే. మీ ఊరి కిందే వెయ్యి అడుగులకి పైగా లోతులో ఉప్పు గని ఉంది, అలాంటి గనుల్లోంచి తీసిందే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు, అది పెయింట్ కంటే ఎక్కువగా కింద ఇనుముని తినేస్తుంది. రాళ్లు తగిలి పెయింట్ లేచిన చోట్ల టచప్ పెయింట్ ఇప్పుడే పెట్టేయ్, చలికాలంలో రెండు వారాలకోసారి, కాస్త వెచ్చగా ఉన్న రోజు చూసుకుని అండర్‌బాడీ వాష్ (కారు అడుగుభాగం కడగడం) చేయించు. మంచుని మాత్రం చీపురుతో ఊడవకు, ఫోమ్ బ్రష్ కొనుక్కుని పైపైన తోసెయ్, పెయింట్‌కి అంటుకున్న చివరి పొర వదిలెయ్, బానెట్ మీదైతే ఇంజిన్ వేడికి అదే జారిపోతుంది.