సున్నపు గోడకు సాకెట్టు పెట్టించేటప్పుడు

ప్రశ్న: అయ్యా, మాది తెనాలి దగ్గర పల్లెలో మా మామగారు 1958లో కట్టించిన పెంకుటిల్లు. గోడలు ఇటుక, గానుగ సున్నం. పాత వైరింగ్ అంతా టేకు పట్టీల మీద ఉంది, గుండ్రటి నల్ల స్విచ్చులు, రెండు కాళ్ల సాకెట్లు. ఇప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పడకగదిలో ఏసీ కోసం కొత్త వైరింగ్ మొదలుపెట్టాం. మూడడుగుల ఎత్తున గదుల చుట్టూ గోడకు గాడి కొట్టి పైపులు వేస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మొదటి దెబ్బకే అరచేయంత పెచ్చు ఊడింది. భయపడి ఆపించాను. ఈ గోడల్లో సాకెట్లు పెట్టించుకోవచ్చా? – ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: పని ఆపించి మంచి పని చేశారమ్మా. సాకెట్లు పెట్టించుకోవచ్చు, కానీ ఆ అడ్డగాడి మాత్రం వద్దు. మీ ఇంట్లో పిల్లర్లు ఉండవు. పెంకు, దూలాలు, వాసాలు అన్నిటి బరువూ గోడలే మోస్తున్నాయి. గోడకు అడ్డంగా గాడి కొడితే ఆ వరుసలో ఇటుక బరువు మోసే మందం తగ్గిపోతుంది. నిలువు గాడికి అంత ప్రమాదం లేదు. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు దాటకూడదు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదు. తొమ్మిదంగుళాల గోడకు ఆరో వంతంటే అంగుళంన్నర. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు ముప్పావు అంగుళమే, అందులో 25 మిల్లీమీటర్ల పైపు పట్టనే పట్టదు.

అందుకని నేను పెంకుటిళ్లలో ఎప్పుడూ ఒకే పద్ధతి పాటించాను. అడ్డంగా వెళ్లే పైపులన్నీ గోడ నెత్తిన, వాసాల కింద, గోడ పైనే క్లిప్పులతో వేయడం. అక్కడి నుంచి సాకెట్టు కావలసిన చోటికి తిన్నగా కిందికి ఒక్క నిలువు గాడి. పైన వైరును పైపు లేకుండా వదలవద్దు, పెంకుటింట్లో ఎలుకలు దాన్ని మిగల్చవు.

గాడి కొట్టే తీరు కూడా ముఖ్యం. మీవాడు సుత్తి, ఉలితో నేరుగా మొదలుపెట్టి ఉంటాడు, అందుకే పెచ్చు లేచింది. ముందు కటింగ్ మెషీన్‌తో పైపు వెడల్పు వదిలి రెండు గీతలు కోయాలి. ఆ రెండు గీతల మధ్య ఉన్నదాన్ని సన్న ఉలితో, ఏటవాలుగా, చిన్న దెబ్బలతో తీయాలి. దెబ్బ గీత దాటి పక్క ఇటుకకు తగలదు. గోడను ముందుగా తడిపితే దుమ్ము తగ్గుతుంది. అయినా ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు ఉండాలి. ఆ గోడ మీద ఉన్న పాత వైర్లకు కరెంటు తీసేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే మెషీన్ ఆన్ చేయాలి.

ఇక గోడలో సాకెట్టు బిగించే రేకు పెట్టె. చాలామంది తొందరపడేది ఇక్కడే. కన్నం పెట్టెకన్నా చుట్టూ అర అంగుళం పెద్దగా ఉండాలి. లోపల వదులు సున్నం బ్రష్షుతో దులిపి, నీళ్లు చల్లాలి. పొడి ఇటుక మాలులో నీటిని పీల్చేస్తే పెట్టె పట్టుకోదు. లోపలికి గట్టి సిమెంటు కుక్కకండి. అది బిగుసుకుంటూ కుంచించుకుని సున్నపు అంచు నుంచి విడిపోతుంది. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక కలిపిన మాలు మీ గోడకు నప్పుతుంది. పైపు దూరే చోట బుష్ (అంచును కప్పే ప్లాస్టిక్ కట్టు) వేయాలి, లేకపోతే రేకు అంచు వైరు తోలు కోసేస్తుంది. పెట్టె నోట్లో మాలు పడకుండా కాగితం కుక్కి, రసమట్టం పెట్టి సరిచూసి, పెట్టె అంచు చివరి పూత మట్టానికి సమంగా వచ్చేలా నిలపాలి. లోపలికి దిగితే స్క్రూలు అందవు. అప్పుడు పొడవు స్క్రూలు వేస్తారు, ప్లేటు కదులుతుంది, ప్లగ్గు లాగినప్పుడల్లా పెట్టె కొద్దికొద్దిగా ఊడి వస్తుంది. రెండు రోజులయ్యాక రెండు చేతులా పట్టి ఊపి చూడండి. కదిలితే మళ్లీ పెట్టించండి. గాడి మీద కోళ్ల వల (సన్న ఇనుప జాలీ) వేసి పూత పూయించి, వారం రోజులు నీళ్లు పెట్టించండి. పూత ఆరాకే పైపులో వైరు లాగాలి.

మీ గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడ ఉంటే రెండు వైపులా ఒకే చోట పెట్టెలు పెట్టించకండి. నేను పని నేర్చుకునే రోజుల్లో కాకినాడలో ఒకింట్లో అలా పెట్టి, పడకగది వెలుగు వంటింట్లోకి కనబడేసరికి నోట మాట రాలేదు. ఆ గోడ మొత్తం కట్టి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి చోట గోడ లోపలికి కాకుండా గోడ మీదే బిగించే పెట్టెలే మేలు.

కాలువ నేల గనుక కింద చెమ్మ ఎక్కే గోడలు ఉంటాయి. తెల్లటి ఉప్పు ఎక్కడి దాకా పూసిందో చూసి, దానికి పైనే సాకెట్టు పెట్టించండి.

గోడ కన్నా ముందు ఎర్తింగ్ గురించి అడగవలసింది మీరు. రెండు కాళ్ల సాకెట్ల ఇల్లంటే ఎర్త్ వైరు ఉండదు. మూడు కాళ్ల సాకెట్టు పెట్టి, మూడో కన్నానికి ఏమీ కలపకుండానో, న్యూట్రల్‌తో కలిపేసో వదిలేసినవి నేను చూశాను. అలాంటి సాకెట్టుకు తగిలించిన వాషింగ్ మెషీన్ తడి చేత్తో ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. పెరట్లో రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసిన గుంట ఒకటి కట్టించండి. అక్కడి నుంచి ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్టుకూ రావాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పదు. ఏసీకి, వాషింగ్ మెషీన్‌కు 16 ఆంపియర్ల సాకెట్లు వేరువేరు లైన్లపై ఉండాలి. ఏసీ వైరు 4 చదరపు మిల్లీమీటర్లు వేయించండి. అదనపు లోడుకు విద్యుత్ సంస్థలో దరఖాస్తు కూడా పెట్టండి.

పెచ్చు ఊడిన చోటును బొటనవేలితో నొక్కి చూడండి. సున్నం పొడిగా రాలుతుంటే ఆ చోట సాకెట్టు వద్దు. అంతా దులిపి, తడిపి, పైన చెప్పిన మాలుతో నింపించి, రెండడుగులు పక్కకు జరిగి గట్టి ఇటుక మీద గీత వేయించండి.