బంక మీద చదువుంటుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పదిహేనేళ్లుగా చెన్నై అంబత్తూరులో ప్లైవుడ్, హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది, బయో-మ్యాథ్స్ గ్రూపు. కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటే వద్దంటోంది. బల్లి కాళ్లను చూసి కొత్త రకం బంకలు తయారు చేస్తున్నారట, అదే చదువుతానంటోంది. రోజూ బంక డబ్బాలు అమ్మేవాణ్ణి నేను. దానికో డిగ్రీ ఏమిటి, ఉద్యోగం ఎవరిస్తారు అని రాత్రుళ్లు ఒకటే టెన్షన్.

జవాబు: అయ్యా, మీ అమ్మాయి మనసు అటు మళ్లడంలో మీ షాపు పాత్ర ఉందనే నా నమ్మకం. కార్పెంటర్‌కు డబ్బా ఇస్తూ మీరేం చెబుతారు? చెక్క మీద దుమ్ము తుడవమంటారు, పల్చగా పూయమంటారు, క్లాంపు బిగించి కదపకుండా వదిలేయమంటారు. ఈ శాస్త్రానికి పునాది అదే. బంక ముందు చెక్కను బాగా తడిపి సందుల్లోకి దిగాలి, తర్వాత గట్టిపడాలి. మధ్యలో దుమ్ము ఉంటే అతుకు దుమ్ముకే పడుతుంది. పాతకాలం వడ్రంగులు కాచి పూసిన సరేసు కూడా తోలు, ఎముకలు ఉడికించి తీసిన ప్రొటీనే.

సముద్రంలో రాళ్లను పట్టుకుని బతికే ఆలిచిప్పకు ఇంత సదుపాయం లేదు. ఉప్పునీళ్లలో, అలలు కొడుతుండగానే, సన్నటి దారాలు వదిలి రాయికి అతుక్కుంటుంది. ఆ పట్టుకు కారణమైన ప్రొటీన్లలో డోపా అనే అమైనో ఆమ్లం ఉందని హెర్బర్ట్ వెయిట్ అనే శాస్త్రవేత్త 1980ల మొదట్లో చూపించారు. తడిలో పట్టే బంక ఎవరికి కావాలంటారా? ఆపరేషన్ చేసే డాక్టరుకు. అక్కడ రక్తం తుడిచేకొద్దీ వస్తూనే ఉంటుంది.

బల్లి దగ్గర అసలు బంకే ఉండదు. టోకే జాతి బల్లి ఒక్కో పాదం కింద సుమారు 5 లక్షల సన్నటి నూగు వెంట్రుకలుంటాయి, ఒక్కొక్కటి చివర వందలుగా చీలి ఉంటుంది. అవి గోడకు అంత దగ్గరగా ఆనడం వల్ల అణువుల మధ్య ఉండే చిన్న ఆకర్షణలన్నీ కలిసి దాని బరువు మోస్తాయి. కెల్లర్ ఆటమ్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో ఒక్క వెంట్రుక పట్టునే విడిగా కొలిచింది. వెంట్రుక వంపు మారితే చాలు, పట్టు వదిలేస్తుంది. నాకు అన్నిటికంటే అబ్బురం అదే. గట్టిగా పట్టడం మీ డబ్బాలోని బంకకూ వచ్చు, అనుకున్నప్పుడు వదలడం రాదు. మన ఐఐటీ కాన్పూర్ వాళ్లు కూడా పురుగుల, చెట్టుకప్పల పాదాలు చూసి, లోపల సన్నటి కాలువలున్న జిగురు పొర చేసి 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించారు.

ఇక చదువు. బంకల పేరుతో డిగ్రీ వెతక్కండి. బీటెక్‌లో కెమికల్, మెటీరియల్స్, రబ్బర్-ప్లాస్టిక్స్ వంటివి చూడండి. పాప ఎనిమిది నుంచి ప్లస్ టూ దాకా ఇక్కడే చదివి ఉంటే తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చు, దానికి ఎంట్రన్స్ అక్కర్లేదు. లెక్కలకు 100, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 50, మొత్తం 200కు కటాఫ్ లెక్కిస్తారు. అన్నా యూనివర్సిటీ కాలేజీలైన క్రోంపేట ఎంఐటీలో రబ్బర్-ప్లాస్టిక్స్, గిండీ ఏసీ టెక్‌లో కెమికల్ ఉన్నాయి. రీసెర్చ్ మీదే మనసుంటే బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల బీఎస్, లేదా ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) పరీక్ష రాసి తిరుపతి ఐసర్ చూడండి. మీ ఊళ్లోనే అడయారులో తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ ఉంది. సరేసుకు మూలమైన కొలాజెన్ అనే ప్రొటీన్ మీద వాళ్లు చాలాకాలంగా పని చేస్తున్నారు.

పేరులో నానో, బయో అని తగిలించి డొనేషన్ అడిగే కాలేజీలకు మాత్రం దూరంగా ఉండండి. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి అలాంటి చోట చేరాడు. అతుకు బలం కొలిచే మిషన్‌కు మూడేళ్లూ తాళమే. ఎక్కడ చేర్చినా ముందు ల్యాబ్‌కు వెళ్లి, ఆ మిషన్ మీద విద్యార్థులను చేయి పెట్టనిస్తారా అని అడగండి.

ఉద్యోగం విషయంలో దాచను. బల్లి పాదం తరహా బంక మీదే జీతమిచ్చే కంపెనీలు చాలా తక్కువ. కానీ ప్లైవుడ్, చెప్పులు, కార్లు, లేబుళ్లు, ఆసుపత్రి టేపులు, వీటన్నిటికీ బంక చేసేవాళ్లు, పరీక్షించేవాళ్లు కావాలి. బీటెక్‌తో అందులోకి వెళ్లొచ్చు. కొత్తది కనిపెట్టాలంటే పీహెచ్‌డీ, దాదాపు ఐదేళ్లు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, కాబట్టి అప్పుడు ఖర్చు మీ నెత్తిన పడదు. కంప్యూటర్ ఉద్యోగమంత త్వరగా సంపాదన రాదు. ఆ ఆలస్యం మీ ఇంటికి కుదురుతుందా లేదా అన్నది పాపతో కూర్చుని లెక్క వేసుకోండి.

ఈలోగా ఒక పని చేయండి. షాపులో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు పాపకు ఇచ్చి, దుమ్ముతో కొన్ని, తుడిచి కొన్ని, తడిపి కొన్ని జతలుగా అతికించమనండి. మూడు రోజులయ్యాక బకెట్ వేలాడదీసి, అతుకు ఊడేదాకా నీళ్లు పోయమనండి. ఎన్ని లీటర్లు పట్టిందో, బంక ఏ ముక్క మీద మిగిలిందో, లేక చెక్కే చీలిందో నోట్‌బుక్‌లో రాయమనండి. ఆదివారం వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెండి, పాపను కూడా వెంటబెట్టుకు రండి.