చేంతాడు తడిగా ఉందంటే నమ్మాను, అగ్గిపుల్ల గీశాడంటే నమ్మలేదు

ప్రశ్న: చరిత్ర నేపథ్యంలో నడిచే ప్రేమ నవలలంటే నాకు ఇష్టం. కానీ మధ్యలో దెయ్యమో పూర్వజన్మో వచ్చిందంటే చాలు, పుస్తకం మూసేయాలనిపిస్తుంది. చరిత్ర అంటే జరిగింది కదా, అందులో దెయ్యమేంటి? ఇలాంటివి మీరు ఎలా ఆస్వాదిస్తారు?

నేనూ ఒకప్పుడు మీలాగే ఉండేదాన్ని అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. నాకు చిన్నప్పట్నుంచీ దెయ్యాలంటే ఇష్టమే, పడనిదల్లా చరిత్రే. పదో తరగతి సోషల్‌లో యుద్ధాల తేదీలు బట్టీ పట్టి, పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయిన బాపతు. అట్లాంటి నన్ను చరిత్రలోకి లాక్కొచ్చింది ఒక దెయ్యం కథే. కాబట్టి నా జవాబు కొంచెం తిరగేసి ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మాది అనంతపురం జిల్లా గుత్తి. ఊరు కాదు, ఆరెస్, అంటే రైల్వే స్టేషన్ దగ్గరి పేట. నాయనది రైల్వేలో డీజిల్ షెడ్డులో పని. ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలం, కరెంటు ఉండదు, నీళ్ళు రావు, చేయడానికి పని లేదు. సైకిలేసుకుని ఊళ్ళోకి పోయి లైబ్రరీ నుంచి సంచి నిండా నవలలు తెచ్చుకునేదాన్ని. అందులో ఒకదానికి అట్ట లేదు. అట్టే కాదు, మొదటి ఫారం మొత్తం ఊడిపోయి పదిహేడో పేజీతో మొదలయ్యేది. పేరేంటో తెలీదు, రాసిందెవరో తెలీదు. "అది పోయినా పర్లేదులేమ్మా" అని లైబ్రేరియన్ రిజిస్టర్లో ఎక్కించకుండానే ఇచ్చేశాడు.

పదిహేడో పేజీ తెరిస్తే, ఒక మరాఠా రౌతు తన వంతుకొచ్చిన చెంబు నీళ్ళు గుర్రానికి తాపుతున్నాడు, ఒకమ్మాయి వాణ్ణి తిడుతోంది. "మనుషులకే లేవంటే గుర్రానికి తాపుతావా?" అని. వాడు సగం మరాఠీ, సగం తెలుగులో ఏదో గొణుగుతాడు. ఇద్దరూ ఉన్నది గుత్తి కోటలో. అంటే నేను మంచమ్మీద పడుకుని కిటికీలోంచి చూస్తే కనిపించే కొండమీద! అట్లా పట్టుకుంది నన్ను.

నేపథ్యం తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గుత్తి కోట అప్పుడు మురారిరావు ఘోర్పడే చేతిలో ఉండేది. 1751లో ఆర్కాటులో ఇంగ్లీషు కంపెనీ సేనాని క్లైవు చిక్కుకున్నప్పుడు సాయానికి వెళ్ళిన మరాఠా సర్దారు ఈయనే. 1775లో మైసూరు హైదర్ అలీ బళ్ళారిని పట్టుకుని అట్నుంచి ఇటు గుత్తి మీదికొచ్చాడు. కింది కోట పోయింది. పైకోట మాత్రం లొంగలేదు. చుట్టూ ఉన్న నేలకి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉన్న రాతిగుండు అది, ఫిరంగులతో అయ్యే పని కాదు. చివరికి 1776లో కోట లొంగింది. ఎందుకో తెలుసా? నీళ్ళు అయిపోయాయి. అంతే. కొండమీది దొనల్లో వాననీళ్ళు అడుగంటిపోతే, అన్ని యుద్ధాలు చూసిన మురారిరావు దిగొచ్చాడు. ఆయన్ని శ్రీరంగపట్నం తీసుకుపోయి, తర్వాత కబ్బాళదుర్గంలో బంధించారు. అక్కడే పోయాడు.

ఇదంతా జరిగిన చరిత్ర. ఆ అమ్మాయి, ఆ రౌతు మాత్రం రచయిత కల్పన. అమ్మాయి వాళ్ళది కోటలో నీళ్ళు కొలిచి పంచే ఇల్లు. మనిషికి రోజుకి రెండు చెంబులు. తర్వాత ఒకటి. తర్వాత అర. పుస్తకం మొత్తంలో ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు. ఆ పిల్ల తన అర చెంబులోంచి సగం వంచి గోడమీద పెట్టి పోతుంది. వాడు తాగాడో, మళ్ళీ గుర్రానికే తాపాడో కూడా అడగదు. ఆ ఎండాకాలం మా కుళాయికి మూడు రోజులకొకసారి నీళ్ళొచ్చేవి, అదీ అర్ధరాత్రి దాటాక. ఒకరికోసం నీళ్ళు మిగల్చడమంటే ఏంటో నాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక దెయ్యం సంగతి. కోట లొంగిపోయాక రౌతుని మిగతా వాళ్ళతో పాటు కట్టేసి తీసుకుపోతారు. ఏమయ్యాడో తెలీదు. ఆ పిల్ల కోటలోనే మిగిలిపోతుంది. ఎండిపోయిన బావి దగ్గర రాత్రిపూట గిలక తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. దీపం పట్టుకుని పోతే ఎవరూ ఉండరు. తెల్లారి చూస్తే చేంతాడు తడిగా ఉంటుంది. బావిలో చుక్క నీళ్ళు లేవు, తాడు మాత్రం తడి.

నవల మొత్తానికి ఉన్న అతీంద్రియమంతా అదే. తెల్లచీర లేదు, కాళ్ళు వెనక్కి తిరగడాలు లేవు.

ఆ పేజీ దగ్గర నాకు వెన్నులో చలి పుట్టింది. పక్కన మా అవ్వ బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, వలుస్తా కూచోనుంది. "ఏందే, అట్ల బిగుసుకుపోయినావు? పైకి సదువు" అనింది. సరే అని గొంతు తగ్గించి, భయం పుట్టేలాగా చదివాను. అవ్వ చెయ్యి ఆగలేదు. బుడ్డ పటుక్కుమనిపించి, "దాండ్లో బయపడేదేముందే? ఎవరికో దప్పికైంటాది, తోడుకుంటాండారు" అనింది. నేను ఒప్పుకోలేదు. బావిలో నీళ్ళే లేవు కదా అన్నాను. "పెద్దల అమావాసకి మీ తాతకి నీళ్ళిడుస్తామే, ఆయప్ప వచ్చి తాగిపోయేది నువ్వు చూసినావా? ఇడిసేది మానుకున్నామా?" అని ఇంకో గుప్పెడు చాటలోకి తీసుకుంది.

మీ ప్రశ్నకి నేనెప్పుడు జవాబు చెప్పాలన్నా మా అవ్వ ఆ చాటతోనే గుర్తొస్తుంది. ఆమెకి అది దెయ్యం కథ కాదు, దప్పిక కథ. దెయ్యం ఉందా లేదా అన్న ప్రశ్నే ఆమె బుర్రలోకి రాలేదు. ఎవరు, ఏం కావాలని వచ్చారు అన్నదే చూసింది. నేను అప్పట్నుంచీ అట్లానే చదువుతున్నాను. ఏ నవలలోనైనా దెయ్యం కనిపించగానే దీనికేం కావాలి, ఆ కాలానికీ ఆ చోటికీ దీని కోరికకీ సంబంధం ఉందా అని చూస్తాను. నీళ్ళు లేక పోయిన కోటలో నీళ్ళు తోడుకునే దెయ్యం ఉంటే అది చరిత్రకి అడ్డం రాదు. చెప్పాలంటే, ముట్టడిలో ఎంతమంది దప్పికతో పోయారో ఏ శాసనంలోనూ చెక్కరు కదా, ఆ తడి తాడు వాళ్ళ తరఫున మాట్లాడుతుంది. అదే దెయ్యం గుప్తనిధికి కాపలా కాస్తుంటే నేనూ మీలాగే పుస్తకం మూసేస్తాను.

మా ఆయనకి ఇవంటే గిట్టదు. "లేని దెయ్యం గురించి ఎందుకు చదువుతావు?" అంటాడు. మురారిరావు ఉన్నాడు, హైదర్ ఉన్నాడు, సరే. మరి ఆ పిల్ల ఉందా? ఆ అర చెంబు ఉందా? అవి లేకపోయినా కళ్ళనీళ్ళు పెట్టుకుని చదువుతాం కదా. ప్రేమికుల్ని కల్పిస్తే తప్పులేదుగానీ ఒక తడి తాడుని కల్పిస్తే తప్పా? ఇదే మాట మిమ్మల్నీ అడుగుతున్నాను. మా ఆయన దగ్గరైతే ఇప్పటిదాకా జవాబు లేదు.

నన్ను నిజంగా బాధపెట్టింది దెయ్యం కాదు, అగ్గిపుల్ల. ఆ నవలలో అన్నిటికంటే అందమైన ఘట్టం ఒకటుంది. కోట గోడలోని చీకటి దారిలో ఇద్దరూ ఎదురుపడతారు. వాడు అగ్గిపుల్ల గీస్తాడు. ఆ వెలుగులో మొదటిసారి ఆమె ముఖం దగ్గరగా చూస్తాడు. పదిహేడేళ్ళప్పుడు ఆ పేజీ ఎన్నిసార్లు చదివుంటానో! డిగ్రీకి అనంతపురం పోయాక ఒకరోజు ఏదో చదువుతుంటే తెలిసింది, గీస్తే వెలిగే అగ్గిపుల్ల ఇంగ్లండులో పుట్టిందే 1820లలో అని. కథేమో 1776 నాటిది! హాస్టల్ గదిలో ఒక్కదాన్నే పడిపడి నవ్వాను. తర్వాత కొంచెం కోపమొచ్చింది. చెకుముకి రాయి కొట్టి దూది అంటించి ఉంటే కాసేపు పట్టేది కదా. ఆ కాసేపు ఇద్దర్నీ చీకట్లో అట్లా నిలబెట్టి ఉంటే ఆ ఘట్టం ఇంకెంత బాగుండేదో. చరిత్ర తెలిసుంటే ప్రేమే బాగా పండేది అక్కడ.

ఇంకో నవల్లో, పేరు చెప్పను, రాయలవారి కాలంలో నాయిక పెనుకొండ దగ్గర బుడ్డల చేన్లో కలుపు తీస్తుంటుంది. వేరుశనగ దక్షిణ అమెరికా పంట. మన అనంతపురం జిల్లా ఎర్రనేలంతా దాంతో నిండింది ఈ నూరేళ్ళ లోపు సంగతి. రాయలవారి నాటి పిల్ల కొర్రచేన్లోనో జొన్నచేన్లోనో ఉండాలి. అక్కడే నాకు నమ్మకం పోయింది. తర్వాత ఆమె తలలో పూర్వజన్మ జ్ఞాపకాలు మెదిలితే నవ్వొచ్చింది తప్ప ఇంకేం రాలేదు. చేను అబద్ధమైనప్పుడు ఆత్మని ఎవరు నమ్ముతారు? పూర్వజన్మ కథలతో నాకు మామూలుగానే పేచీ. కథ ఎక్కడ చిక్కుపడితే అక్కడ నాయికకి సరిగ్గా కావలసిందే గుర్తొస్తుంది. దాన్ని నేను రచయిత బద్ధకం కింద జమకడతాను. అన్నీ అట్లా ఉండవు, ఒప్పుకుంటాను.

చరిత్రలో దెయ్యాలేంటి అన్నారు కదా. మన సీమలో ఈ రెంటినీ విడదీసి ఎవరు చెప్పారు? మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడు, ముందు మా గుత్తిలోనే పూడ్చి తర్వాత మద్రాసుకి తీసుకుపోయారు. ఇది చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఇక జనం చెప్పేది ఇంకోటుంది. కడప జిల్లాలో వేంపల్లె దగ్గర గండిలో, పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే చోట, రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందట. చావు దగ్గరపడిన వాళ్ళకి తప్ప అది కనిపించదు. మన్రో అటు పోతూ పైకి చూసి, ఆ తోరణం ఎవరు కట్టారని పక్కవాళ్ళని అడిగాడట. కొన్నాళ్ళకే పోయాడు. రైతువారీ పద్ధతి తెచ్చి ప్రతి చేనూ కొలిపించి పన్ను వేసిన దొర ఆయన! ఆయన చావు చుట్టూనే జనం బంగారు తోరణం కట్టారు. ఆయన్ని తలుచుకునేటప్పుడు మా పక్క పెద్దవాళ్ళు పన్ను సంగతీ తోరణం సంగతీ ఒకే వరసలో చెప్తారు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో వాళ్ళకి పట్టదు.

మీరు ఒక ప్రయత్నం చేసి చూడండి. నవల చదివాక ఆ చోటు దగ్గర్లో ఉంటే పోయి రండి. నేను ఆ మరుసటి జనవరిలో తమ్ముణ్ణి తోడు తీసుకుని కోటెక్కాను. ఎండాకాలం మాత్రం వద్దు, పైన నీడ ఉండదు. మూడు సీసాల నీళ్ళు తీసుకుపోతే సగం దారిలోనే రెండు ఖాళీ. రాతిలో తొలిచిన దొనలు చూశాం. ఒకదాంట్లో అడుగున పచ్చటి నీళ్ళు, ఇంకోదాంట్లో కంపచెట్లు, చిప్స్ ప్యాకెట్లు. కొండ అంచున మురారిరావు గద్దె అని చిన్న మంటపం ఉంటుంది. అక్కడ కూచుని చదరంగం ఆడేవాడని చెప్తారు. అక్కణ్ణుంచి కిందికి చూస్తే మైదానమంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. కింద హైదర్ డేరాలు, వంటపొయ్యిల పొగ, గుర్రాలకి నీళ్ళు తాపడం అన్నీ వీళ్ళకి రోజూ కనిపిస్తూ ఉండుంటాయి కదా అనిపించింది. ఆ మాట నవలలో లేదు. నాకు నేనుగా అనుకున్నాను, అనుకోగానే గొంతు ఆరిపోయింది. మూడో సీసా తమ్ముడు తాగేశాడని తెలిసి అక్కడే వాడితో పెద్ద గొడవ.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. బుద్ధిగా తిరిగి ఇచ్చేశాను, అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. తర్వాత పోయి అడిగితే ఎవరికీ గుర్తు లేదు. రిజిస్టర్లో ఎక్కించలేదు కదా, ఎట్లా దొరుకుతుంది? ఎండిపోయిన బావి, తడిసిన చేంతాడు, అర చెంబు నీళ్ళు ఉన్న నవల మీలో ఎవరైనా చదివుంటే పేరు చెప్పండి. మొదటి పదహారు పేజీల్లో వాళ్ళిద్దరూ మొదటిసారి ఎక్కడ కలుసుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.