ఊపిరి శిబిరానికి పోయే ముందు

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి అత్త ఆశీస్సులు.

తలకోన పక్కన మూడు రోజుల ఊపిరి శిబిరానికి డబ్బు కట్టేశానని, అక్కడ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి తీస్తూ పోతే మామూలు స్పృహ దాటి ఇంకో స్థితిలోకి వెళ్తారట, పోనా వద్దా చెప్పమని రాశావు. నేను వద్దనను. మానసిక వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాక ఇలాంటి శిబిరాల్లో జనం పక్కన కూర్చునే పని చేసినదాన్ని. వాటివల్ల మేలు జరగడం కళ్లారా చూశాను. తండ్రి పోయినా కంటతడి పెట్టని మనిషి అక్కడ ఏడ్చి, ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాడు. కానీ ఆ స్థితిలోకి పోవడం పెద్ద విద్యేమీ కాదమ్మా. తగినంతసేపు గట్టిగా ఊపిరి తీస్తే చాలామందికి ఏదో ఒకటి అవుతుంది. ఆ సమయంలో నిన్ను పట్టుకునేది ఎవరు, వెనక్కి తెచ్చేది ఎవరు, ఆ తర్వాత నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండేది ఎవరు? ఇవి తేల్చుకోకుండా పోవద్దు.

మన వైపు ఇది కొత్త సంగతి కాదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఎంతమందికి ఒంటిమీదికి అమ్మ వస్తుందో చూస్తూనే పెరిగావు. పూనకం వచ్చిన మనిషిని జనం ఒంటరిగా వదిలేస్తారా? వెనక నుంచి నడుము పట్టుకునేవాళ్లు ఉంటారు. ఆడమనిషైతే జారిన కొంగు సర్ది బిగించే ఆడవాళ్లు ఉంటారు. ఎంతసేపు ఊగనివ్వాలో, ఎప్పుడు పసుపునీళ్లు చల్లాలో, ఎప్పుడు హారతి ఇవ్వాలో వాళ్లకు తెలుసు. దిగాక నీళ్లు తాగించి నీడన కూర్చోబెడతారు. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర మహాభారత ఉత్సవం పెట్టినప్పుడు చూడు, చివర్న నిప్పులు తొక్కేవాళ్లు ముందే కంకణం కట్టుకుని, ఉపవాసాలుండి, ఊరంతా చూస్తుండగా గుండంలోకి దిగుతారు. దారిన పోయేవాడెవడూ ఉన్నట్టుండి వచ్చి దిగడు. రిసార్టులో పెట్టే శిబిరంలో ఆ ఊరు ఉండదు. ఒకరికొకరు ముక్కూ ముఖం తెలియనివాళ్లు డబ్బు కట్టి వచ్చి ఉంటారు. ఊరు చేసే పని అక్కడ ఎవరు చేస్తారో నువ్వే అడిగి తెలుసుకోవాలి.

నువ్వు రాసిన పద్ధతికి మూలం స్టానిస్లావ్ గ్రోఫ్ అనే మానసిక వైద్యుడు. ప్రాగ్‌లో, ఆ తర్వాత అమెరికాలో ఎల్‌ఎస్‌డి అనే భ్రాంతులు కలిగించే మందు మీద పరిశోధన చేసినాయన. ఆ మందును నిషేధించాక 1970లలో కాలిఫోర్నియాలోని ఎసలెన్ అనే కేంద్రంలో ఆయనా, భార్య క్రిస్టినా కలిసి మందు జోలికి పోకుండా ఊపిరితో, గట్టి సంగీతంతో అలాంటి స్థితికి దారి కట్టారు. దానికి హోలోట్రోపిక్ అని పేరు పెట్టారు. అందులో జనాన్ని జంటలు చేస్తారు. ఒకరు పడుకుని ఊపిరి తీస్తుంటే ఇంకొకరు ఆ రెండు మూడు గంటలూ పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉంటారు. తర్వాతి విడతలో తారుమారవుతారు. లేచాక బొమ్మ గీయిస్తారు, అందరూ గుండ్రంగా కూర్చుని చెప్పుకుంటారు. నాకు ఈ జంట కట్టడమే అన్నిటికన్నా నచ్చింది. అది తీసేసి, హాలు నిండా మనుషుల్ని ఒకేసారి పడుకోబెట్టి ఒకాయన మైకు పట్టుకుని 'ఇంకా, ఇంకా' అని అరిచే శిబిరాలూ వచ్చాయి. నువ్వు పోయేది అలాంటిదైతే కట్టిన డబ్బు పోయినా పర్వాలేదు, మానుకో.

ఒంట్లో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మెదడుకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుందని వాళ్లు చెబుతారు, నమ్మవద్దు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉంటుంది. వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడిపోతే మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, మెదడుకు పోయే రక్తం తగ్గుతుంది. తల దిమ్మెక్కడం, ఒళ్లు తేలిపోయినట్టుండటం చాలావరకు అక్కడి నుంచే మొదలు. రక్తంలో ఆమ్లం తగ్గి కాల్షియం పనిచేసే తీరు మారడంతో పెదాల చుట్టూ, వేళ్ల చివర చిమచిమలు పుడతాయి. ఒక్కోసారి చేతులు మణికట్టు దగ్గర వంగి వేళ్లు కొయ్యబారిపోతాయి. మొదటిసారి చూసినవాళ్లు పక్షవాతం వచ్చిందని హడలిపోతారు. అక్కడ గురువు గారు ఏదో పాత బాధ చేతుల్లోంచి బయటికి వస్తోంది అంటారు. రెండూ కాదు. ఊపిరి నెమ్మది చేస్తే కాసేపట్లో అవే వదులుతాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపే హక్కు నీదే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా అది వేరే సంగతి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉందా, రాత్రిపూట బండి సిద్ధంగా ఉంటుందా, భాకరాపేట మీదుగా తిరుపతి ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుంది అని ముందే అడుగు. ఈ మూడు ప్రశ్నలకు తడుముకునేవాళ్ల చేతిలో స్పృహ పెట్టకూడదు.

మూర్ఛ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. ఆసుపత్రిలో ఇఇజి, అంటే మెదడు తరంగాల పరీక్ష, తీసేటప్పుడు దాగి ఉన్న మూర్ఛ బయటపడుతుందేమో చూడటానికి మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీయమంటాం. అలాంటిది గంటలకొద్దీ తీస్తే ఏమవుతుందో ఆలోచించు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, గ్లకోమా అనే కంటి జబ్బు, రెటీనా (కంటి వెనక పొర) ఊడిన కళ్లు, ఈ మధ్య జరిగిన ఆపరేషన్, గర్భం, వీటిలో ఏది ఉన్నా వద్దు. నీకు పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. అది మూర్ఛరోగం కాదు, అయినా ఫారంలో రాసి, ముందు డాక్టరుకు చెప్పు.

ఇప్పుడు రాసేది మీ నాన్న నీకు చెప్పి ఉండడు. మా చిన్నాయన, అంటే మీ చిన్నతాత, పాతికేళ్ల వయసులో ఉన్నట్టుండి రాత్రిళ్లు నిద్ర మానేశాడు. వారాల తరబడి ఆగకుండా మాట్లాడేవాడు. తానే దేవుడినని ఊరంతా తిరిగాడు. పొలం కాగితాలు ఎవరికో రాసిచ్చాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు. చాలా ఏళ్లకు గానీ అది బైపోలార్ అనే మానసిక జబ్బని తేలలేదు. లిథియం మందు మొదలుపెట్టాక మామూలు మనిషై, చివరిదాకా పోస్టాఫీసులో గౌరవంగా ఉద్యోగం చేసుకున్నాడు. పెళ్లి సంబంధాలు చెడతాయని ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. శిబిరం ఫారంలో 'మీ కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా' అని ఉంటే లేదని కొట్టేయకు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ అనే మత్తు పదార్థం మీద పరిశోధన చేసే పెద్ద విశ్వవిద్యాలయాలవాళ్లు కూడా దగ్గరి బంధువుల్లో స్కిజోఫ్రెనియా గానీ బైపోలార్ గానీ ఉందేమో ముందు అడుగుతారు, ఉంటే సాధారణంగా తీసుకోరు. ఇలాంటి స్థితులు ఆ జబ్బును తట్టిలేపే ప్రమాదం ఉందనే ఆ జాగ్రత్త. నీకు అది ఉందని నేను అనడం లేదు. ముందు ఒక సైకియాట్రిస్టుతో ఈ మాట చెప్పి, ఆయన సరే అంటేనే వెళ్లు. అసలు ఆ ప్రశ్నే లేని ఫారం ఇస్తే ఆ శిబిరం నీకు పనికిరాదు.

నీతో వచ్చే స్నేహితురాలు డిప్రెషన్ మాత్రలు వాడుతోందని రాశావు. 'శుద్ధి' కోసం ముందు రెండు వారాలు మాత్రలు ఆపమని ఎవరైనా చెబితే ఆ పిల్లను వాళ్ల మాట విననివ్వకు. అలాగే రెండో రాత్రి ఎంచిన కొద్దిమందికి మాత్రమే అని మత్తు పుట్టగొడుగులో, అయాహువాస్కా అనే కషాయమో తెస్తే ఇద్దరూ లేచి వచ్చేయండి. అమెజాన్ అడవుల్లో ఆ కషాయానికి వాళ్ల పెద్దలు, వాళ్ల పథ్యాలు, వాళ్ల పాటలు ఉన్నాయి. ఇక్కడ గ్లాసు ఒక్కటే ఉంటుంది. అందులోని తీగ కొన్ని డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా అందులో ఉండే డిఎంటి, పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ రెండూ 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డిపిఎస్) కింద నేరమే. ఉమ్మెత్త గురించి చెప్పనే అక్కర్లేదు, అది మనిషిని చంపుతుంది.

జలపాతం దగ్గర పెడుతున్నారు కాబట్టి ఇంకొకటి. గట్టిగా ఊపిరి తీసి వెంటనే నీళ్లలో మునగకు, నడుము లోతైనా సరే. ఊపిరి కావాలని ఒంటికి చెప్పేది కార్బన్ డయాక్సైడే. అది తగ్గినప్పుడు లోపల ఆక్సిజన్ అయిపోతున్నా ఆ కబురు అందదు. బాగా ఈదేవాళ్లు కూడా చప్పుడు లేకుండా స్పృహ తప్పి మునిగిపోతారు.

పక్కన కూర్చునే మనిషిని నువ్వే ఎంచుకో. నీ స్నేహితురాలైతే మంచిది. ముట్టుకోవడం గురించి పడుకోకముందే మాట్లాడుకోండి. భుజం మీద చెయ్యి వేస్తే పర్వాలేదు, ఇంకెక్కడా వద్దు అని నోరు తెరిచి చెప్పు. 'ఆపండి' అంటే నడిపేవాళ్లు కూడా ఆపాలి. ఆ స్థితిలో మనిషి పసిబిడ్డంత నమ్మకంగా ఉంటాడు, దాన్ని వాడుకునేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. రాత్రి గదికి వచ్చి విడిగా 'సెషన్' ఇస్తాననేవాడు ఎంత పెద్ద గురువైనా తలుపు తీయకు.

లోపల ఏం కనిపిస్తుందో చెప్పలేను. రంగులు రావచ్చు, చనిపోయిన నానమ్మ కనిపించవచ్చు, ఒట్టి నిద్రే పట్టవచ్చు. అందరూ ఏడుస్తుంటే నీకు ఏడుపు రాకపోతే ఏడవకు. గుంపులో ఒకరిది ఇంకొకరికి అంటుకుంటుంది, తర్వాత ఏది నీదో ఏది వాళ్లదో తేల్చుకోలేవు. కనిపించినదానికి అర్థం చెప్పడానికి ఎవరైనా తయారైతే, ముఖ్యంగా నీ చిన్నప్పుడు ఫలానా మనిషి నీకు ఫలానా అన్యాయం చేశాడని వాళ్లే తేల్చి చెబితే, విని ఊరుకో. కనిపించింది కనిపించినట్టు పుస్తకంలో రాసుకో. అక్కడి దృశ్యం జరిగిందని సాక్ష్యం కాదు. ఆ ఒక్క మాట మీద తల్లిదండ్రులతో తెగతెంపులు చేసుకున్నవాళ్లను చూశాను. నిజంగా జరిగినదేదో పైకి వచ్చిందని నీకనిపిస్తే నిదానంగా మంచి సైకాలజిస్టుతో మాట్లాడుదువు గానీ.

బట్టలు, తిండి అంటావా, వదులుగా ఉండే చుడీదార్లు, ముందు పూట తేలికగా నాలుగు ఇడ్లీలు, అంతే.

ముగిశాక అదే రోజు బెంగళూరు బస్సెక్కకు, బండి అసలే నడపకు. నా దగ్గర రెండు రోజులు ఉండు. ఆ తర్వాత నెల రోజులపాటు ఉద్యోగానికి రాజీనామా, పెళ్లి నిర్ణయం, ఆస్తుల పంపకం, పెద్ద మొత్తం కట్టి తర్వాతి 'లెవెల్' చేరడం, ఏదీ వద్దు. అక్కడ మనసుకు తట్టిన మాట నిజమైనదైతే నెల తర్వాత కూడా నిజంగానే ఉంటుంది. శిబిరంవాళ్లు చివరి రోజే కాగితాలు పెట్టుకుని కూర్చుంటారు, ఆ వేడిలో సంతకం చేయించుకోవడానికి.

రెండు రాత్రులు వరసగా నిద్ర రాకపోయినా, నిద్ర అక్కర్లేదనిపించినా, మాట వేగం పెరిగినా, తెలియని గొంతులు వినిపించినా, నీ చుట్టూ ఉన్నవన్నీ నీకోసమే సైగలు చేస్తున్నట్టున్నా, 'ఇది మేలుకొలుపు, భరించు' అనే శిబిరం వాట్సాప్ గ్రూపులో అడగవద్దు. నాకు ఫోన్ చెయ్యి. నేను ఎత్తకపోతే ప్రభుత్వంవాళ్ల మానసిక సాయం ఫోన్ లైను టెలిమానస్ 14416కు చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా పలుకుతారు. నిద్ర తిరిగి వచ్చేదాకా మళ్లీ ఆ ఊపిరి జోలికి పోవద్దు. పెరుగన్నం, నడక, చీకటి పడగానే పడక.

శిబిరంవాళ్లు పంపిన ఫారం నింపకముందే నాకు ఫోటో తీసి పంపు. వచ్చే ఆదివారం పగటి బస్సుకు వస్తే ఇద్దరం కూర్చుని నింపుదాం, సోమవారం పొద్దున డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. చిన్నతాత సంగతి నీకు చెప్పేశానని మీ నాన్నకు నేనే ఫోన్ చేసి చెబుతాను, ఆ కోపం నా మీద పడనీ.

నీ మేనత్త