దేశమంతా వృథా చేస్తుంటే మన ఒక్క ఇల్లు మారితే ఏమొస్తుంది?

"ఆహార వృథా దేశ సమస్య. ప్రభుత్వం పెద్ద ప్లాంట్లు పెట్టాలి గానీ, మన ఇంట్లో అన్నం మిగలకపోతే ఏం మారుతుంది?" అని ఒకరు అడిగారు. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కమిటీ తరఫున మూడేళ్లు చెత్త పని చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఎంత పెద్ద ప్లాంటైనా పని చేసేదీ లేనిదీ మన వంటింటి డబ్బాను బట్టే ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లల్లోనే ఏడాదికి తలకు 55 కిలోల ఆహారం చెత్తలోకి పోతోంది. మొత్తం దాదాపు 7.8 కోట్ల టన్నులు. తొక్కలు, ఎముకలు కూడా అందులో కలిసే ఉన్నాయి. అంటే నలుగురున్న ఇంట్లో రోజుకు 600 గ్రాములు. నాకు నమ్మకం కలగక రెండు వారాలు మా డబ్బా తూచాను. రోజుకు 700 గ్రాములు తేలింది! కూరగాయల తొక్కలు, టీ పొడి పోగా మూడో వంతు అన్నమే. అత్తమ్మ ఊరెళ్లి ఏడాదైంది, పిల్లలు మధ్యాహ్నం స్కూల్లోనే తింటున్నారు, అయినా కుక్కర్లో పాత లెక్కన మూడు గ్లాసుల బియ్యమే పోస్తున్నాం.

మా 210 ఫ్లాట్లలో కలిపి తడి చెత్త రోజుకు 120 కిలోలు దాటేది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే చోట తడి చెత్తను వీలైనంత వరకు అక్కడే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాల్సి ఉండేది. అందుకని కంపోస్టు తొట్లు కట్టించాం. మొదటి తొట్టి మొత్తం పాడైంది. అందులో పాల ప్యాకెట్ల మూలలు, సాస్ పొట్లాలు, చివరికి డైపర్లు కూడా ఉన్నాయి. కింది ఫ్లాట్ల వాళ్లు వాసన భరించలేక గొడవ చేశారు. మా దగ్గర పని చేసే ఆవిడ ఆ డైపర్లను వట్టి చేత్తో ఏరడం చూశాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఆ సాయంత్రం నుంచే తలుపు తలుపుకీ వెళ్లాం. తెలుగులో, కన్నడలో, హిందీలో, ఎవరికి ఏది అర్థమైతే అందులో చెప్పాం. "హసి కస (తడి చెత్త) ఇందులో, ఒణ కస (పొడి చెత్త) అందులో" అని నాలుగు నెలలు చెప్పగా చెప్పగా దారికొచ్చింది.

దేశం లెక్కలోనూ ఇదే కథ. ఇందోర్‌లో రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు 2022లో మొదలైంది. అక్కడి జనం ఇంట్లోనే చెత్తను విడదీసి ఇస్తారు కాబట్టే అది నడుస్తోంది. విడదీయకపోతే ఏమవుతుందో మన మండూరు చెప్తుంది. బెంగళూరు చెత్తను ఏళ్ల తరబడి ఆ ఊరి పక్కన గుట్ట పోశారు. గాలి ఆడని ఆ గుట్టల్లో అన్నం, కూరలు కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, మురుగు నేలలోకి దిగుతుంది. ఊరివాళ్లు పోరాడితే గానీ 2014లో ఆపలేదు. మనం పారేసిన అన్నానికి వాళ్ల బావులు బలయ్యాయి. ప్రభుత్వం బాధ్యత లేదని నేననను, కానీ డబ్బా మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇక ఫంక్షన్లు. మా బంధువుల గృహప్రవేశానికి 300 మందికి వండిస్తే 180 మందే వచ్చారు. మిగిలిన భోజనం పంచే వాలంటీర్లకు సాయంత్రం ఐదింటికి ఫోన్ చేశాం. వచ్చి చూసి, పొద్దున వండినది ఇప్పుడు ఎవరికీ పెట్టలేమన్నారు. వాళ్లన్నది నిజమే. మిగులు ఆహారం పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో తెచ్చిన నిబంధనలు కూడా పంచేది తినడానికి సురక్షితంగా ఉండాలనే చెప్తాయి. మీ ఇంట్లో ఏదైనా ఫంక్షన్ ఉంటే ముందు రోజే ఇలాంటి వాలంటీర్లతో మాట్లాడి పెట్టుకోండి. రెండో పంక్తి లేవగానే వడ్డించని గిన్నెలు మూతపెట్టి పక్కనుంచమని క్యాటరింగ్ వాళ్లకు చెప్పండి. పెరుగన్నం, కొబ్బరి చట్నీ మాత్రం మా దగ్గరికి వచ్చినవాళ్లు తీసుకోలేదు, వాటిని తక్కువే చేయించండి.