ఫీజు తీసుకోకపోతే లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: మాది హైదరాబాద్. ఎం.ఏ. సైకాలజీ చదివి అక్కడ ఆరేళ్లు కౌన్సెలింగ్ చేశాను. మావారి ఉద్యోగం వల్ల ఏడాదిగా డాలస్ దగ్గర ఉంటున్నాం. నాది హెచ్-4 వీసా, పని అనుమతి లేదు. గుడిలో పరిచయమైన తెలుగువారు తమ బాధలు చెప్పుకోవడానికి వస్తున్నారు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల నుంచి వీడియో కాల్‌లో మాట్లాడమని అడుగుతున్నారు. డబ్బు తీసుకోకపోతే లైసెన్సు అక్కర్లేదని ఒకరు, ‘లైఫ్ కోచ్’ అని పెట్టుకుంటే చాలని మరొకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమ్మా, మీ దగ్గరికి ఎందుకు వస్తున్నారో నాకు తెలుసు. ఉద్యోగం పోయిన భర్త నెలల తరబడి నోరు విప్పకపోవడం, అత్తగారు వచ్చి ఆరు నెలలున్నప్పుడు ఇంట్లో పేరుకున్న ఉక్కపోత, ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పబోతే సగం గొంతులోనే ఉండిపోతాయి. అందుకే ‘వద్దు’ అనే ఒక్క మాటతో మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేను. అయితే మీకు అందిన రెండు సలహాలూ ప్రమాదకరమైనవి.

మన దేశంలో 1992 నాటి పునరావాస మండలి చట్టం కింద నమోదు తప్పనిసరి అయినది క్లినికల్ సైకాలజిస్టుల వంటి కొద్దిమందికే. కౌన్సెలర్లను కూడా నమోదు పరిధిలోకి తెచ్చే చట్టం 2021లో గానీ రాలేదు. అందువల్ల హైదరాబాద్‌లో మిమ్మల్ని ఎవరూ అడగలేదు. అమెరికాలో ఈ అధికారం కేంద్రానిది కాదు, రాష్ట్రాలది. కౌన్సెలర్లకు లైసెన్సు పెట్టడం 1976లో వర్జీనియా మొదలుపెట్టింది, 2009లో కాలిఫోర్నియా చట్టం చేయడంతో అన్ని రాష్ట్రాలూ పూర్తయ్యాయి. దేశమంతటికీ చెల్లే లైసెన్సు లేదు.

టెక్సస్ చట్టం కౌన్సెలింగ్‌ను నిర్వచించేటప్పుడు ఫీజు ఊసే ఎత్తదు. మనస్తత్వశాస్త్ర పద్ధతులతో మానసిక, భావోద్వేగ రుగ్మతలను అంచనా వేయడం, నివారించడం, చికిత్స చేయడం దాని పరిధిలోకి వస్తాయి. కాబట్టి బోర్డు మీద ‘కోచ్’ అని రాసి లోపల డిప్రెషన్‌కు చికిత్స చేస్తే, అధికారులు చూసేది లోపల జరిగిన పనినే. మత గురువులు తమ విధుల్లో భాగంగా ఇచ్చే సలహాకు మినహాయింపు ఉంది. గుడికి వచ్చే భక్తురాలిగా అది మీకు వర్తించదు. స్నేహితురాలి కష్టం వినడాన్ని, ధైర్యం చెప్పడాన్ని ఏ చట్టమూ ఆపదు. వారం వారం సమయం కేటాయించి, నోట్సు రాసుకుని, జబ్బు పేరు చెప్పి చికిత్స మొదలుపెట్టిన రోజున మీరు గీత దాటినట్టే.

వీడియో కాల్ విషయంలో అవతలి మనిషి ఏ రాష్ట్రంలో కూర్చున్నారన్నది ముఖ్యం. న్యూజెర్సీలో ఉన్నవారికి చికిత్స చేయాలంటే సాధారణంగా న్యూజెర్సీ అనుమతి కావాలి. రాష్ట్రాల మధ్య కౌన్సెలర్ల ఒప్పందం ఒకటి వచ్చింది. అన్ని రాష్ట్రాలూ అందులో లేవు, పైగా సొంత రాష్ట్రంలో స్వతంత్ర లైసెన్సు ఉన్నవారికే అది పనికివస్తుంది. ఇక డబ్బు పుచ్చుకుంటే వీసా చిక్కు అదనం. హైదరాబాద్‌లోని పాత క్లయింట్లతో ఇక్కడినుంచి మాట్లాడి ఫీజును అక్కడి బ్యాంకులో వేయించుకున్నా సరే, మీరు పని చేస్తున్నది అమెరికా నేల మీద.

ఇందులో మీ క్షేమం ఒక్కటే లేదు. 1996లో అమెరికా సుప్రీంకోర్టు జాఫీ వర్సెస్ రెడ్‌మండ్ కేసులో లైసెన్సు ఉన్న చికిత్సకులతో చెప్పుకున్న మాటలకు ఫెడరల్ కోర్టుల్లో గోప్యత ఉంటుందని తీర్పునిచ్చింది. లైసెన్సు లేని మీకు ఆ రక్షణ దొరుకుతుందని ధైర్యంగా చెప్పలేను. మిమ్మల్ని నమ్మి ఒక భార్య చెప్పుకున్న రహస్యాన్ని కోర్టులో మీ నోటితోనే చెప్పించే పరిస్థితి రావచ్చు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

దారి లేకపోలేదు. టెక్సస్‌లో ఎల్‌పీసీ (లైసెన్సు పొందిన ప్రొఫెషనల్ కౌన్సెలర్) కావడానికి 60 సెమిస్టర్ గంటల మాస్టర్స్, జాతీయ పరీక్ష, రాష్ట్ర చట్టాలపై మరో పరీక్ష కావాలి. తర్వాత అసోసియేట్‌గా పర్యవేక్షణలో 3,000 గంటలు, 18 నెలలకు తక్కువ కాకుండా పని చేయాలి. అందులో 1,500 గంటలు నేరుగా క్లయింట్లతో గడపాలి. మీ ఎం.ఏ.ను ముందు విదేశీ డిగ్రీల మదింపు సంస్థకు పంపండి. చాలా మందికి క్షేత్ర శిక్షణ గంటల దగ్గరే లోటు తేలుతుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు కనుక ఆ లోటును ఇక్కడి విశ్వవిద్యాలయంలో పూడ్చుకునే వీలుంది. జీతంతో చేసే పర్యవేక్షణ గంటలకు మాత్రం పని అనుమతి ఉండాలి. మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొందిందేమో చూడండి. పొంది ఉంటే మీరు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈలోగా గుడిలో మానసిక ప్రథమ చికిత్స శిక్షణ పెట్టించండి. వచ్చినవారికి లైసెన్సు ఉన్న కౌన్సెలర్ల వివరాలు ఇచ్చి, తొలిసారి ఫోను చేసేటప్పుడు పక్కన కూర్చోండి. ఎవరైనా చనిపోవాలనుందని అంటే ఒంటరిగా వదలకుండా ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కు ఫోను చేయించండి, దుబాసీని అడగవచ్చు. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు మీరు చదివిన ప్రతి పేపరు సిలబస్‌నూ, ప్రాక్టికల్ గంటల లెక్కనూ విశ్వవిద్యాలయం ముద్రతో తెచ్చుకోండి. ఇక్కడినుంచి ఉత్తరాలు రాసి వాటిని తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది.