తాళం తిప్పితే టిక్‌టిక్ తప్ప కారు స్టార్ట్ కాకపోతే

తాళం తిప్పినప్పుడు వరసగా టిక్‌టిక్‌మంటూ లైట్లు డిమ్ అవుతుంటే, స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) మీద ముందే అనుమానం వద్దు. దానికి కరెంటు చాలట్లేదన్నమాట. బ్యాటరీ మరీ పాతది కాకపోతే ముందు టెర్మినళ్లు (బ్యాటరీ మీద వైర్లు బిగించే చోట్లు) చూడండి.

1. 10 నంబరు స్పానర్‌తో ముందు మైనస్, తర్వాత ప్లస్ క్లాంపు (వైరు చివర బ్యాటరీని పట్టుకునే బిగింపు) విప్పండి.

2. తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగేయండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు కరెంటు వెళ్లేది క్లాంపు లోపలి వైపు నుంచి. అక్కడ నల్లటి పొర కడతుంది, పైకి కనిపించదు. క్లాంపు లోపల, బ్యాటరీ పోస్టు (క్లాంపు పట్టుకునే సీసం మొన) చుట్టూ గరుకు కాగితంతో సీసం తళతళలాడేదాకా రుద్దండి. నాకూ స్టార్టర్ మార్చాలన్నారు, ఈ రుద్దుడుతోనే సమస్య పోయింది.

3. ముందు ప్లస్, చివర మైనస్ బిగించండి. చేత్తో తిప్పితే క్లాంపు కదలకూడదు.

4. మైనస్ వైరు రెండో కొస బాడీకి బిగించిన బోల్టు కూడా చూడండి.

అయినా స్టార్ట్ కాకపోతే బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలి. 12.2 కంటే తగ్గితే చార్జింగ్ పెట్టించండి. స్టార్టయ్యాక 14 దగ్గర లేకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) చూపించాలి.

లైట్లు బాగా వెలుగుతూ ఒక్కసారే 'టక్' అంటే మాత్రం స్టార్టర్ మీద అనుమానపడాలి.